చీమకుర్తి గ్రానైట్ యూనిట్: 30 హెచ్‌పీ నీళ్ల పంపుకి వీఎఫ్‌డీ పెట్టాలా, మోటారు మార్చాలా?

రాతిబూడిద:

అందరికీ నమస్తే. చీమకుర్తి దగ్గర గ్రానైట్ యూనిట్. రెండు కట్టర్లు, నాలుగు లైన్ పాలిషర్లు. అన్నిటికీ నీళ్లు ఒకే పంపు నుంచి పోతాయి. వాడిన నీళ్లు కాలవలో సెట్లింగ్ ట్యాంకుకి వచ్చి, తేరుకుని, పక్క సంపులోకి పొర్లి మళ్లీ పంపుకే వస్తాయి.

పంపు వివరాలు: 30 హెచ్‌పీ, 2900 ఆర్‌పీఎం. ప్లేటు మీద సెకనుకి 28 లీటర్లు, 45 మీటర్ల హెడ్ (నీళ్లని ఎంత ఎత్తుకి తోయగలదో) అని ఉంది. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) 205 ఎం.ఎం. డెలివరీ లైను 4 అంగుళాల జీఐ, చివరి మెషిన్ దాకా 80 మీటర్లు. డెలివరీ వాల్వ్ ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. పూర్తిగా తెరిస్తే మెషిన్ల దగ్గర నీళ్లు ఎగజిమ్ముతాయి, ఆంప్స్ 38 దాటి ట్రిప్ అవుతుంది. రోజుకి 16 గంటలు, ఏడాదికి 300 రోజుల లెక్కన నడుస్తుంది. అన్నీ కలిపి యూనిట్ 8 రూపాయలు పడుతోంది.

ఒకాయన వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పెట్టండి, 40 శాతం మిగులుద్ది అంటాడు. ఇంకొకాయన మోటారు తీసేసి ఐఈ3 (కరెంటు తక్కువ తినే రకం మోటారు) పెట్టమంటాడు. ఏది ముందు? ఇంపెల్లర్ ఏడెనిమిది నెలలకే తినేస్తోంది, గ్లాండు (షాఫ్ట్ చుట్టూ నీళ్లు ఆపే ప్యాకింగ్) కారడం ఆగదు. వాటికీ దీనికీ ఏమన్నా లింకుందా?

మోటుపంపు:

లింకుంది. కానీ ఆ ఇద్దరిలో ఎవరికీ ఇప్పుడే డబ్బు కట్టకండి. వాల్వ్ సగం మూస్తే తప్ప పంపు నడవదంటే పంపు మీ లైనుకి మించినది. ఎంత మించిందో తెలియకుండా ఏది కొన్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ముందు మూడు కొలతలు కావాలి. అన్ని మెషిన్లూ నడుస్తున్నప్పుడే తీయండి.

మొదటిది ప్రెషర్. వాల్వ్‌కి ముందొక గేజీ, తర్వాత ఒక గేజీ. మీ దగ్గర ముందు వైపుదే ఉండి ఉంటుంది. రెండోది తప్పనిసరి, అసలు సంగతి దానిలోనే ఉంది. వాల్వ్‌ని ఆనుకుని పెడితే నీటి సుడికి ముల్లు ఊగుతుంది, ఒక అడుగన్నా దూరం వదలండి. బురద నీళ్లకి మామూలు గేజీ రంధ్రం వారంలో పూడిపోతుంది. డయాఫ్రమ్ సీల్ ఉన్నది తీసుకోండి, లేదా మధ్యలో చిన్న బాల్ వాల్వ్ పెట్టి చూసినప్పుడే తెరవండి.

రెండోది నీళ్లు. ఫ్లో మీటర్ అక్కర్లేదు. సెట్లింగ్ ట్యాంకు నుంచి సంపులోకి పొర్లే చోట చెక్క అడ్డం పెట్టి రెండు మూడు నిమిషాలు ఆపండి. సంపు మట్టం ఎంత దిగిందో స్కేలుతో, ఎంతసేపట్లో దిగిందో ఫోన్లో చూడండి. పొడవు, వెడల్పు, దిగిన ఎత్తు గుణిస్తే నీళ్లొస్తాయి. ఫుట్ వాల్వ్ (సక్షన్ పైపు కింది చివర ఉండేది) మీద నీళ్లు అర మీటరు కంటే తగ్గనివ్వకండి, గాలి లాగుద్ది.

మూడోది కరెంటు. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల ఆంప్స్, వోల్టేజి. పవర్ ఫ్యాక్టర్ మోటారు దగ్గరిదే కావాలి. మెయిన్ ప్యానెల్లో కెపాసిటర్ల తర్వాత చూపించే 0.98 ఇక్కడ పనికిరాదు.

రాతిబూడిద:

తీశాం అన్నా. ప్రెషర్ వాల్వ్ ముందు 4.5 కేజీలు (చదరపు సెంటీమీటరుకి), తర్వాత 2.2 కేజీలు. సంపు 4 మీటర్లకి 3 మీటర్లు, రెండున్నర నిమిషాల్లో 30 సెంటీమీటర్లు దిగింది. నీటి మట్టం నుంచి గేజీకి 2 మీటర్లు. 31 ఆంప్స్, 415 వోల్టులు, పీఎఫ్ 0.86. చివరి పాలిషర్ దగ్గర 1 కేజీ కంటే కొంచెం తక్కువుంది, పనికి అది చాలు.

మోటుపంపు:

సరిపోయింది. లెక్క చూడండి.

సంపులో దిగిన నీళ్లు 3.6 ఘనపు మీటర్లు. 150 సెకన్లలో అంటే సెకనుకి 24 లీటర్లు, గంటకి 86.4 ఘనపు మీటర్లు. కరెంటు 1.732 × 415 × 31 × 0.86, సుమారు 19.2 కిలోవాట్లు.

కేజీకి 10 మీటర్లు వేసుకుంటే పంపు ఎత్తుతున్న హెడ్ 45, దానికి మట్టం తేడా 2, మొత్తం 47 మీటర్లు. వాల్వ్ దాటాక మిగిలింది 24. మధ్యలో 23 మీటర్లు వాల్వ్ నోట్లో పోయాయి.

నీళ్ల పవర్ అంటే 9.81 × సెకనుకి ఘనపు మీటర్లు × హెడ్. మీ లైనుకి నిజంగా అందుతున్నది 9.81 × 0.024 × 24, అంటే 5.65 కిలోవాట్లు. మీటర్లో 19.2 తిరుగుతుంటే మెషిన్ల వైపు పోయేది 29 శాతం. ఒక్క వాల్వ్ దగ్గర పోయేది నీళ్ల లెక్కలో 5.4. పంపు ఎఫిషియెన్సీ 64 శాతం, మోటారుది 90 శాతం అనుకుని వెనక్కి లెక్కేస్తే మీటర్ దగ్గర అది 9.4 కిలోవాట్లు. 4800 గంటలకి 45 వేల యూనిట్లు, 3 లక్షల 60 వేల రూపాయలు. సగం మూసిన వాల్వ్‌కి ఏటా కడుతున్న అద్దె అది.

ఇక ఐఈ3 సంగతి. 90 శాతం మోటారు తీసి 92.7 శాతం మోటారు పెడితే కాగితం మీద అర కిలోవాటు మిగులుతుంది. కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. ఐఈ3 మోటార్లకి స్లిప్ (లోడు మీద స్పీడు తగ్గడం) తక్కువ. 2900 బదులు 2945 తిరిగితే స్పీడు ఒకటిన్నర శాతం పెరిగినట్టు, పంపు లాగే పవర్ దాని ఘనంలో, సుమారు నాలుగున్నర శాతం పెరుగుతుంది. మిగలాల్సింది కాస్తా ఎదురు తగులుతుంది. ఐఈ3 మంచిదే, కొత్త పంపుతో పాటు రావాలి. ఉన్న పంపుకి తగిలిస్తే లాభం లేదు.

ప్యానెల్‌బోర్డు:

పై లెక్కతో గొడవ లేదు. వీఎఫ్‌డీని మాత్రం మరీ తీసిపారేయకండి. వాల్వ్ మొత్తం తెరిచి స్పీడు తగ్గిస్తే అదే 24 లీటర్లు 24 మీటర్ల హెడ్ దగ్గర వస్తాయి. ఈ పంపుకి అది సుమారు 38 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మీటర్లో 10 కిలోవాట్లు. అంటే వాళ్లు చెప్పిన 40 శాతం కంటే మీ కేసులో ఎక్కువే మిగులుతుంది. ఆర్డర్ని బట్టి రెండు మూడు మెషిన్లు ఆగే రోజులుంటే, డెలివరీ హెడర్లో ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ పెట్టి దాన్ని 2.2 కేజీల దగ్గర నిలబెట్టమంటే స్పీడు దానంతట అదే ఇంకా దిగుతుంది.

పెట్టేటట్టయితే ఇవి చూసుకోండి. ప్యానెల్ని కటింగ్ షెడ్డులో పెట్టకండి. తడి రాతిపొడి ఫ్యాన్ గుండా లోపలికి పోయి బోర్డు మీద అట్టకడుతుంది, వానాకాలం మొదటి తేమకే పేలుద్ది. గోడ అవతల, నీడన, ఐపీ54 బాక్సులో పెట్టండి. మన ఒంగోలు వైపు రోహిణి కార్తెలో రేకుల షెడ్డు లోపల 40 డిగ్రీలు ఎప్పుడో దాటిపోతుంది, డ్రైవ్ రేటింగ్ మామూలుగా 40 వరకే ఇస్తారు. ఒక సైజు పెద్దది తీసుకోవడమో, గాలి ఫిల్టర్లు వారం వారం దులపడమో తప్పదు. మోటారుకి కేబుల్ 50 మీటర్లు దాటితే అవుట్‌పుట్ చోక్ (డ్రైవ్ నుంచి వచ్చే వోల్టేజి దెబ్బల్ని తగ్గించే కాయిల్) కావాలి. మీ మోటారు రీవైండింగ్ అయినదైతే ఇంకా తప్పనిసరి, పాత ఇన్సులేషన్ ఆ వోల్టేజి దెబ్బలకి ఆగదు.

అన్నిటికంటే ముఖ్యం: ఇప్పుడు మోటారు పక్కనే కెపాసిటర్ ఉందా? ఉంటే పీకేయండి. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య కెపాసిటర్ ఉంటే ఆన్ చేసిన నిమిషంలోనే డ్రైవ్ పోతుంది, వారంటీ కూడా రాదు.

లేత్‌పట్టు:

ఈ రెండూ కాక ముందు చేయాల్సిన చవక పని ఒకటుంది. ఇంపెల్లర్ టర్నింగ్, అంటే లేత్ మీద దాని వ్యాసం తగ్గించడం.

205 ఉన్నదాన్ని 175కి తిప్పిస్తే 24 లీటర్ల దగ్గర హెడ్ 47 నుంచి సుమారు 32కి దిగుతుంది. వాల్వ్ చాలావరకు తెరుచుకుంటుంది. మీటర్లో 19.2 కాస్తా 13న్నర దగ్గరకొస్తుంది. ఏడాదికి 2 లక్షల పైమాటే. ఖర్చు లేత్ కూలి, బ్యాలెన్సింగ్, ఒక గ్యాస్కెట్.

జాగ్రత్త ఎక్కడంటే, స్పేర్ ఇంపెల్లర్‌ని తిప్పించండి, నడుస్తున్నది అలాగే ఉంచండి. పని తేడా చేస్తే పాతది బిగించుకోవచ్చు. ఒకేసారి 175కి పోవద్దు. మొదట 185, నడిపి గేజీలు చూసి తర్వాత మిగతాది. సూత్రంలో వచ్చే దానికంటే నిజంలో హెడ్ ఎక్కువే పడిపోతుంది, తీసిన ఇనుము తిరిగి అతకదు. రెక్కలతో పాటు రెండు పక్కల పళ్లాలు కూడా సమంగా తీయాలి. 2900 మీద తిరిగేది కాబట్టి తిప్పాక బ్యాలెన్స్ చేయించకపోతే బేరింగులు నెల తిరక్కుండా అరుస్తాయి. 24 మీటర్లకి సరిగ్గా దింపాలంటే 157 దాకా పోవాలి, అది నాలుగో వంతు కోసేయడం. అంత కోస్తే రెక్క చివరకీ కేసింగుకీ సందు పెరిగి నీళ్లు లోపలే గింగిరాలు కొడతాయి, ఎఫిషియెన్సీ చచ్చిపోతుంది. అందుకే 175 దగ్గర ఆగమన్నాను.

రాతిబూడిద:

చాలా స్పష్టంగా ఉంది. టర్నింగ్ ఈ వారమే చేయిస్తాం. శాశ్వతంగా అయితే ఏం చేయాలి? అరుగుదల సంగతి కూడా చెప్పండి.

మోటుపంపు:

అరుగుదల ముందు చెప్తాను, పంపు ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది.

మీరు కోసే బ్లాక్ గెలాక్సీలో (చీమకుర్తి నల్ల గ్రానైట్) క్వార్ట్జ్ తక్కువే. కానీ నీళ్లలో ఉండేది ఒక్క రాతిపొడే కాదు. పాలిష్ బ్రిక్కుల నుంచి రాలే సిలికాన్ కార్బైడ్ ఉంది, అది కాస్ట్ ఐరన్‌ని ఆకురాయిలా గీకుతుంది. అరుగుదల నీటి వేగంతో సుమారు ఘనంలో పెరుగుతుంది. అందుకే మీ 2900 పంపులో ఇంపెల్లర్ ఎనిమిది నెలలకి పోతోంది. వాల్వ్ మూసి నడపడం దానికి తోడు: పంపు తన మంచి పాయింటుకి పక్కన నడిస్తే ఇంపెల్లర్ మీద ఒక పక్క తోపుడు పెరిగి షాఫ్ట్ వంగుతూ తిరుగుతుంది, గ్లాండు కారేది అందుకే. ఎంత బిగించినా ఆగదు. బిగించే కొద్దీ స్లీవ్ గాడి పడుతుంది. గ్లాండు నిమిషానికి 40 నుంచి 60 చుక్కలు కారాలి, అది జబ్బు కాదు. కారేది బురద కాకుండా చూసుకోండి. బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో, ఏదైనా శుభ్రమైన నీటిని లాంటర్న్ రింగులోకి (ప్యాకింగ్ మధ్యలో నీళ్లు పోవడానికి ఉండే రింగు), స్టఫింగ్ బాక్స్ (ప్యాకింగ్ ఉండే గూడు) ప్రెషర్ కంటే అర కేజీ ఎక్కువతో ఇవ్వండి. ప్యాకింగ్ చాలాకాలం వస్తుంది.

సంపులో సక్షన్ ఎక్కడుందో చూడండి. అడుగున ఉంటే మీరు తేర్చిన నీళ్లు వదిలేసి బురద లాగుతున్నట్టే. పొర్లు గోడకి ఎదురు చివర, అడుగు నుంచి అర మీటరు పైన ఉండాలి. సక్షన్ రెడ్యూసర్ సమంగా ఉండే వైపు పైకి రావాలి, కిందికి పెడితే పైన గాలి బుడగ నిలుస్తుంది. పంపులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడొస్తే ముందు అక్కడ, తర్వాత ఫుట్ వాల్వ్ జల్లెడ దగ్గర చూడండి.

ఇప్పుడు శాశ్వత పని. చివరి మెషిన్ దగ్గర మొదలుపెట్టి పంపు వైపు రావాలి. అందరూ పంపు దగ్గర మొదలుపెడతారు, తప్పు అక్కడే.

ఆగిన మెషిన్‌కి నీళ్లు పోతున్నాయా? ప్రతి పాలిషర్ ఇన్‌లెట్‌కి సోలినాయిడ్ వాల్వ్ పెట్టి, మెషిన్ స్టార్టర్‌తో కలపండి. బురద నీళ్లకి సన్న రంధ్రం సోలినాయిడ్లు పనికిరావు, గాలితో నడిచే పించ్ వాల్వ్ అయితే ఇరుక్కోదు.

తర్వాత లైను. 24 లీటర్లు 4 అంగుళాల్లో పోతుంటే వేగం సెకనుకి 3 మీటర్లు. వంద మీటర్లకి 9న్నర మీటర్ల హెడ్ రాపిడికే పోతుంది, మీ 80 మీటర్లకి ఏడున్నర. 5 అంగుళాలు వేస్తే 2 మీటర్ల వేగం, మొత్తం రాపిడి రెండున్నర. 5 మీటర్లు మిగిలాయి. 6 అంగుళాలు వేస్తే ఒక్క మీటరే పోతుంది కదా అనిపిస్తుంది, మంచినీళ్లకైతే అదే వేయమనేవాణ్ణి. కానీ మీకు 6 అంగుళాల్లో వేగం 1.4కి పడుతుంది. సగం మెషిన్లు ఆగితే 0.7. రాతిపొడి పైపు అడుగున మేట వేస్తుంది, ఆర్నెల్లలో మీ 6 అంగుళాల పైపు లోపల 4 అంగుళాలే మిగులుతుంది. 5 అంగుళాలు చాలు.

లైను మారాక కావాల్సింది 24 లీటర్లు, 19 మీటర్లు. 1450 ఆర్‌పీఎం పంపు, ఆ పాయింట్ దగ్గర 72 శాతం ఎఫిషియెన్సీ, 91 శాతం ఐఈ3 మోటారు అనుకుంటే మీటర్లో 6.8 కిలోవాట్లు. బురద బరువుకి కాస్త ఎడం ఉంచి 12.5 హెచ్‌పీ మోటారు తీసుకోండి. 30 కాస్తా 12.5 అవుతుంది, ఏడాది కరెంటు 7 లక్షల 37 వేల నుంచి 2 లక్షల 60 వేలకి వస్తుంది. లైను మార్చకుండా పంపు ఒక్కటే మారిస్తే 8.6 కిలోవాట్లు, 3 లక్షల 30 వేలు. పైపు ధర ఆ 70 వేల తేడాతో పోల్చి చూసుకోండి.

ప్యానెల్‌బోర్డు:

ఇది ఒప్పుకుంటున్నా. పాత పంపుకి 30 హెచ్‌పీ డ్రైవ్ కొనడం కంటే ఈ చిన్న పంపుకి చిన్న డ్రైవ్ పెట్టుకోవడం మేలు. కనిష్ఠ స్పీడు మాత్రం ఆ పైపులో వేగం 1.2 మీటర్ల కంటే తగ్గని చోట లాక్ చేయండి. లేదంటే మోటుపంపు గారు చెప్పిన మేట మళ్లీ మొదలు.

ఉప్పుగాలి:

మధ్యలో దూరుతున్నా. నెల్లూరు వైపు, ఇందుకూరుపేట మండలం, రొయ్యల హేచరీ. సముద్రపు నీళ్లు 15 మీటర్ల ఎత్తు ట్యాంకుకి ఎక్కిస్తాం. పైపు రాపిడి ఇంకో 9 మీటర్లు. మాక్కూడా వీఎఫ్‌డీతో సగానికి సగం తగ్గుద్దా?

మోటుపంపు:

తగ్గదు అబ్బయ్యా. గ్రానైట్ యూనిట్‌లో ఎత్తు తక్కువ, మిగతాదంతా రాపిడి, వాల్వ్, నాజిల్. మీది ఎత్తు ఎక్కువ. స్పీడు ఎంత తగ్గించినా ఆ 15 మీటర్లు ఎక్కాల్సిందే. నీళ్లు పోకుండా వాల్వ్ మూస్తే 30 మీటర్లు చూపించే పంపు అయితే 35 హెర్ట్జ్ దగ్గరే నీళ్లు ఆగిపోతాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, లోపలి నీళ్లు కాగుతాయి, సీల్ పోతుంది.

మీకు మిగిలేది వేరే చోట. ఘనపు మీటరుకి పట్టే యూనిట్లు అంటే హెడ్‌ని 367తోనూ, ఎఫిషియెన్సీతోనూ భాగించడమే. ఇప్పుడు 24 మీటర్లు, పంపు మోటారు కలిపి 60 శాతం అనుకుంటే 0.109 యూనిట్లు. సగం నీళ్లిచ్చే చిన్న పంపు పెట్టి రెట్టింపు గంటలు నడిపితే రాపిడి నాలుగో వంతుకి, రెండుంపావు మీటర్లకి పడుతుంది. హెడ్ 17.25, యూనిట్లు 0.078. నాలుగో వంతు పైనే మిగిలింది, డ్రైవ్ లేకుండా. ట్యాంకు అందుకు సరిపోవాలి.

ఇంకోటి, ఇన్‌టేక్ పైపులో నత్తగుల్లలు పట్టాయేమో చూడండి. వ్యాసం తగ్గే కొద్దీ రాపిడి దాని అయిదో ఘాతంలో పెరుగుతుంది, చుట్టూ అర అంగుళం పట్టినా 4 అంగుళాల పైపు 3 అంగుళాలదై రాపిడి నాలుగింతలు దాటుతుంది. ఆ గుల్లలు గీకిస్తే పంపు మార్చినంత పని.

రాతిబూడిద:

కొటేషన్ అడిగేటప్పుడు ఏం రాయాలి? వాళ్లు 30 హెచ్‌పీకి బదులు 30 హెచ్‌పీయే ఇస్తామంటున్నారు.

మోటుపంపు:

హెచ్‌పీ రాయకండి. సెకనుకి 24 లీటర్లు, 19 మీటర్లు, 1450 ఆర్‌పీఎం, రాతిపొడి కలిసిన నీళ్లు అని రాయండి. ఆ పాయింట్ దగ్గర ఎఫిషియెన్సీ ఎంతో కర్వ్ మీద గీసి పంపమనండి. క్యాటలాగులో పెద్దక్షరాల్లో ఉండేది గరిష్ఠ ఎఫిషియెన్సీ, అది మీ పాయింట్ దగ్గర ఉండకపోవచ్చు. టెస్టు ఐఎస్‌ఓ 9906 (పంపుల టెస్టు ప్రమాణం) గ్రేడ్ 1బీ అని రాయించండి. ఊరికే వదిలేస్తే ఇంకా వదులు గ్రేడులో ఇస్తారు, అందులో ఎఫిషియెన్సీ కొంత తగ్గినా పాసే. మీ లెక్కలో 72కి బదులు 68 వస్తే ఏడాదికి 15 వేలు పోతుంది, కొనేటప్పుడు బేరమాడి తగ్గించిన పది వేలు మొదటి ఏడాదే అక్కడ పోతాయి. మోటారుకి ఐఎస్ 12615 ప్రకారం ఐఈ3. ఇంపెల్లర్ హై క్రోమ్ (అరుగుదలకి ఆగే ఇనుము), సెమీ ఓపెన్ (ఒక పక్కే పళ్లెం ఉన్నది), ముందు ప్లేటు సందు బయటినుంచి సర్దుకునేది. అరిగినప్పుడు సందు మళ్లీ అర మిల్లీమీటరులోపు తెచ్చుకోవచ్చు.

బిగించాక వాల్వ్ మొత్తం తెరిచి మొదటి రోజే గేజీ, ఆంప్స్, సంపు దిగే టైము మూడూ రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఇప్పుడు మీకు వెయ్యి లీటర్లకి 0.22 యూనిట్లు పడుతోంది. కొత్తదానికి 0.08 దగ్గర రావాలి. నెలకోసారి చూడండి, 0.09 దాటితే ప్లేటు సందు సర్దండి. సర్దినా దిగకపోతే లైను.

లేత్‌పట్టు:

పాత 30 హెచ్‌పీని పాతసామాన్లకి వేయకండి. 175 ఇంపెల్లర్‌తోనే స్టాండ్‌బైగా ఉంచి, వారానికోసారి పది నిమిషాలు తిప్పండి. తిప్పకపోతే బురద గట్టిపడి ఇంపెల్లర్ పట్టేస్తుంది. అవసరం పడ్డ రోజు అది తిరగదు.